ఉన్న ఉద్యోగం వదిలి లారీ ఎక్కాలా? రాజీనామాకు ముందే తేల్చుకునే పద్ధతి

నెల తిరిగేసరికి జీతం పడే ఉద్యోగం వదిలేసి లారీ స్టీరింగ్ పట్టుకోవాలన్న ఆలోచన ఎవరికీ ఒక్కరోజులో రాదు. ఏళ్ల తరబడి అదే కుర్చీ, అదే కిటికీ. ఆ కిటికీలోంచి రోడ్డు మీద వెళ్లే లారీని చూస్తే, ఆ మనిషికి ఎంత హాయి అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఒక గోదాములో సరుకు లెక్కలు రాసే పనిలో తొమ్మిదేళ్లు ఉన్నాను. వచ్చిన లారీకి టోకెన్ ఇవ్వడం, వెళ్లే లారీకి కాగితాల మీద సంతకం పెట్టించుకోవడం. ఆ తర్వాత ఆరేళ్లు లారీ నడిపాను. ఆ కిటికీకి రెండు వైపులా ఉన్నాను కాబట్టి ఒక మాట ఖాయంగా చెప్పగలను. డ్రైవర్ పనిలో బండి నడపడం ఒక భాగమే. మిగతాదంతా ఆగి ఉండటం. గేటు దగ్గర, లోడింగ్ దగ్గర, కాగితాల కోసం, తిరుగు లోడు కోసం ఆగడం. నడపడం చాలామందికి వస్తుంది, చాలామందికి ఇష్టం కూడా. ఆ ఆగి ఉండటం మీ వల్ల, మీ ఇంట్లోవాళ్ల వల్ల అవుతుందా అన్నదే తేల్చుకోవాలి. కింద చెప్పిన పనులన్నీ ఉద్యోగంలో ఉండగానే చేయగలిగినవి.

1. ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో రాసుకోండి

మనసులో అనుకోవడం వేరు, కాగితం మీద పెట్టడం వేరు. కారణాలన్నీ రాశాక ఒక్కో దాని పక్కన ఈ ప్రశ్న వేసుకోండి: "ఇప్పటి ఉద్యోగంలోనే పై అధికారి మారితే, లేదా వేరే చోట ఇలాంటి ఉద్యోగమే దొరికితే, అప్పుడు కూడా లారీ ఎక్కుతానా?" ఎక్కను అనిపిస్తే మీకు కావలసింది లారీ కాదు, ఇంకో ఆఫీసు. దానికి ఇంత పెద్ద మలుపు అక్కర్లేదు.

అప్పులు తీర్చడానికి వెళదామనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు నా సలహా ఒక్కటే, ఇప్పుడే కదలకండి. ట్రైనింగ్, లైసెన్సు, మొదటి ట్రిప్పులు అన్నీ కలిపి మొదటి కొన్ని నెలలు ఖర్చే ఎక్కువ, రాబడి తక్కువ. అప్పు టెన్షన్‌తో ఉన్న కొత్త డ్రైవర్ నిద్ర ఆపుకుని ఇంకో ట్రిప్ వేస్తాడు. ప్రమాదాలు అక్కడే జరుగుతాయి. ముందు కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టగలిగితేనే మిగతా అడుగుల గురించి ఆలోచించండి.

"నాకు డ్రైవింగ్ అంటే ప్రాణం" అన్నది మంచి కారణమే. కాకపోతే సొంత కారులో నచ్చినప్పుడు వెళ్లడం ఒకటి, ఇంకొకరి సరుకు వేసుకుని ఇంకొకరు చెప్పిన టైముకి తెల్లవారుజామున మూడింటికి బయల్దేరడం ఒకటి. ఒంటరిగా ఉండటం ఇష్టమైనవాళ్లు, ఎవరి పర్యవేక్షణా లేకుండా పని పూర్తిచేయగలవాళ్లు, చిన్నచిన్న రిపేర్లంటే విసుక్కోనివాళ్లు ఈ పనిలో నిలబడతారని నా అనుభవం.

2. ఏ లారీ, ఏ దారి?

లారీ పని అంటే ఒక్కటే పని కాదు. నెలలో ఇరవై రాత్రులు క్యాబిన్‌లో పడుకునే దూరప్రయాణం ఒకటి. రెండు మూడు రోజులకోసారి ఇల్లు చేరే మధ్య దూరం ఒకటి. ఊళ్లోనే తిరిగి రాత్రికి ఇంటికి వచ్చే డెలివరీ ఇంకొకటి. ఊళ్లో తిరిగేవాళ్లకు ఇల్లు దగ్గరే కానీ ట్రాఫిక్, సందుల్లో రివర్స్, బరువులు దించడం ఎక్కువ. దూరం వెళ్లేవాళ్లకు రోడ్డు సాఫీగా ఉంటుంది కానీ పిల్లల పుట్టినరోజులు ఫోన్‌లోనే చూడాలి.

సరుకును బట్టి కూడా పని మారిపోతుంది. కంటైనర్‌కు సీలు వేసి ఇస్తారు, తాళ్లు కట్టే పని ఉండదు. ఓపెన్ బాడీకి టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించాలి, వానలో అయినా సరే. ఫ్రీజర్ బండిలో రాత్రంతా మోటారు మోగుతూనే ఉంటుంది, చిన్న చప్పుడుకే లేచేవాళ్లకు అది నరకం. ట్యాంకర్ సంగతి వేరే. సగం నిండిన ట్యాంకర్‌కు బ్రేక్ వేస్తే బండి ఆగాక కూడా లోపలి ద్రవం ముందుకొచ్చి కొడుతుంది, ఆగిన బండిని కూడలిలోకి నెట్టేస్తుంది. డబ్బు ఎక్కువ వస్తుందని మొదటి ఏడాదిలోనే ట్యాంకర్ ఎక్కకండి.

3. గంటకు ఎంత వస్తుందో లెక్క కట్టండి

ఇక్కడే చాలామంది బోర్లా పడతారు. నెలకు ఎంత అని అడుగుతారు, ఎన్ని గంటలకు అని అడగరు.

ఏ దేశపు డబ్బయినా లెక్క ఒకటే కాబట్టి మీ ఇప్పటి నెల జీతాన్ని 100 అనుకుందాం. రానూపోనూ ప్రయాణంతో కలిపి రోజుకు 10 గంటలు, నెలకు 24 రోజులు. అంటే 240 గంటలు. లారీ మీద నెలకు 150 వస్తుందని ఎవరో చెప్పారు. వినగానే సగానికి సగం పెరిగినట్టే ఉంటుంది. అందులోంచి రోడ్డు మీద తిండి, స్నానం, ఫోన్, చిల్లర ఖర్చులకు 15 తీసేయండి. ఇప్పటి ఉద్యోగంలో యజమాని కట్టే బీమా, పదవీ విరమణ నిధి, జీతంతో కూడిన సెలవులు పోతాయి, వాటి విలువ ఇంకో 15 అనుకోండి. మిగిలింది 120. నడపడం, లోడింగ్, ఎదురుచూపు, బండి చూసుకోవడం అన్నీ కలిపి రోజుకు 13 గంటలు, 24 రోజులకు 312 గంటలు.

ఇప్పుడు భాగించండి. ఉద్యోగంలో గంటకు 0.42 చొప్పున వస్తోంది. లారీ మీద 0.38. ఖర్చులూ పోయిన సౌకర్యాలూ తీసేశాక మిగిలేది అయిదో వంతు పెరిగింది, గంట విలువ మాత్రం దాదాపు 8 శాతం తగ్గింది. ఇంటికి దూరంగా గడిపిన రాత్రులు ఇంకా ఈ లెక్కలోకి రానేలేదు. నేను వేసినవి ఉదాహరణ అంకెలే. మీ అంకెలు వేరుగా ఉంటాయి, కొందరికి లారీయే లాభంగా తేలుతుంది. లెక్క వేయకుండా మాత్రం ముందుకు పోవద్దు.

తర్వాత, డబ్బు దేనికి ఇస్తారో కనుక్కోండి. నెల జీతమా, ట్రిప్పుకా, కిలోమీటరుకా, గంటకా? అమెరికాలో దూరప్రయాణ డ్రైవర్లకు ఎక్కువగా మైలు లెక్కన ఇస్తారు. పైగా అక్కడి 1938 నాటి కార్మిక చట్టంలోని ఓవర్‌టైమ్ రక్షణ రాష్ట్రాల మధ్య తిరిగే చాలామంది లారీ డ్రైవర్లకు వర్తించదు. చక్రం తిరిగితేనే డబ్బు అన్న పద్ధతిలో గేటు దగ్గర ఆగిన పది గంటలు మీ ఖాతాలోంచే పోతాయి. ఎదురుచూపుకు డబ్బు ఇస్తారా, ఎన్ని గంటలు దాటాక ఇస్తారు, ఆ గంటలు ఎవరు రాస్తారు, ఈ మూడూ అడిగి తెలుసుకోండి.

చట్టం ఎన్ని గంటలు నడపనిస్తుందో కూడా ఈ లెక్కలో చేరాలి. యూరప్‌లో 2006 నాటి నిబంధన ప్రకారం నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి. రోజుకు 9 గంటలు, వారంలో రెండుసార్లు మాత్రం 10 గంటలు నడపవచ్చు. వారానికి 56, రెండు వారాలకు 90 గంటలు దాటకూడదు. అమెరికాలో పని మొదలుపెట్టిన 14 గంటల లోపల 11 గంటలే నడపాలి, తర్వాత 10 గంటలు విశ్రాంతి. ఆ 14 గంటల గడియారం ఒకసారి మొదలైతే, గేటు దగ్గర నిలబడ్డా మామూలుగా ఆగదు. భారతదేశంలో 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసింది. ఆ రాత ఒక వైపు, రోడ్డు మీద నడిచేది ఇంకో వైపు ఉన్న కంపెనీలు ఉంటాయి. "ఆ రూల్సన్నీ చూసుకుంటూ కూర్చుంటే బండి తిరగదు" అనే ఓనరు దగ్గర పని ఒప్పుకోకండి. రేపు ప్రమాదం జరిగితే కేసు మీ మీద పడుతుంది.

4. వారం రోజులు పక్క సీట్లో కూర్చోండి

ఈ మొత్తంలో ఒక్కటే చేయగలనంటే ఇది చేయండి. ఓనరు అనుమతి, బండి బీమా సంగతి ముందే చూసుకుని, ఉద్యోగానికి సెలవు పెట్టి, తెలిసిన డ్రైవర్‌తో ఒక పూర్తి ట్రిప్ వెళ్లి రండి. ఒక్కరోజు సరిపోదు. మొదటిరోజు అంతా బాగానే ఉంటుంది.

నేను ఎనిమిది రోజులు వెళ్లాను. జేబులో చిన్న నోటుబుక్, అందులో 'కదిలింది', 'ఆగింది' అని రెండే గడులు. నాలుగో రోజు తెల్లవారి 5:40కి ఒక ఫ్యాక్టరీ గేటు చేరాం. టోకెన్ నంబరు 31. ఒక్కో లారీ లోపలికి పోవడానికి ఇరవై నిమిషాలు. డ్రైవరన్న రాత్రంతా నడిపి ఉన్నాడు, ఎలాగూ ఆలస్యమే కదా పడుకుంటాడులే అనుకున్నాను. పడుకోవడం ఎక్కడ! వరస కదిలినప్పుడల్లా ఇంజను స్టార్ట్ చేయాలి, ఒక లారీ పొడవు ముందుకు పోవాలి, హ్యాండ్ బ్రేక్ వేసి ఆపాలి. కళ్లు మూసుకున్నాడో లేదో వెనక నుంచి హారన్. ఆయన స్టీరింగ్ మీద మోచేతులు పెట్టి, గడ్డం ఆనించి, రెప్పలు సగం వాల్చి కూర్చునేవాడు. ముందు లారీ వెనక దీపం ఆరిందంటే చాలు, చెయ్యి దానంతటదే తాళం మీదికి పోయేది. సాయంత్రం నాలుగింటికి మా వంతు వచ్చింది. లోపల కిటికీ దగ్గరున్న కుర్రాడు కాగితాలు చూసి "కాస్త ఆగన్నా" అన్నాడు. ఆ కిటికీ వెనక తొమ్మిదేళ్లు కూర్చుని అదే మాట నేను ఎంతమందితో అన్నానో అప్పుడు గుర్తొచ్చింది.

తిరిగొచ్చాక నోటుబుక్ కూడితే, 192 గంటల్లో బండి కదిలింది 61 గంటలు. నిద్ర 52 గంటలు. మిగతా 79 గంటలు నిద్రా కాదు, నడపడమూ కాదు. ఆ 79 గంటల్లో మీకు ఎలా అనిపించిందన్నదే మీ జవాబు. విసుగు పుట్టిందా, కోపం వచ్చిందా, ఇల్లు గుర్తొచ్చి మనసు పీకిందా, లేక ఒక పుస్తకమో పాటో పెట్టుకుని మామూలుగా ఉండగలిగారా? నిజాయితీగా రాసుకోండి. ఆ పక్క సీట్లో ఉన్నప్పుడే డ్రైవర్‌ను అడగండి, "మళ్లీ మొదటికి వస్తే ఇదే పనికి వస్తావా అన్నా?" అని. రోడ్డు మీద, రాత్రిపూట వచ్చే జవాబు అబద్ధం కాదు.

5. డాక్టర్ దగ్గరికి వెళ్లండి

ట్రైనింగ్ ఫీజు కట్టకముందే వెళ్లండి, కట్టాక కాదు. కళ్లు, బీపీ, షుగర్, నడుము, చెవులు చూపించుకోండి. చాలా దేశాల్లో భారీ వాహనాల లైసెన్సుకు వైద్య పరీక్ష ఉంటుంది. అమెరికాలో ఆ సర్టిఫికెట్ ఎంత బాగున్నవాళ్లకైనా రెండేళ్లకు మించి ఇవ్వరు, బీపీ ఎక్కువుంటే గడువు ఇంకా తగ్గిస్తారు. డబ్బు ఖర్చుపెట్టి నేర్చుకున్నాక కంటిచూపు దగ్గర ఆగిపోవడం ఎవరికీ రాకూడదు.

గురక సంగతి ఇంట్లోవాళ్లను అడగండి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడే అలవాటుంటే స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోవాలి. అది ఉన్న మనిషి ఎనిమిది గంటలు పడుకున్నా పగలు తూలుతూనే ఉంటాడు. చికిత్స ఉంది, తీసుకున్నాక హాయిగా నడపవచ్చు. దాచిపెట్టి నడపడమే ప్రాణం మీదికి తెస్తుంది. నిద్ర లేకుండా వరసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని పరీక్షల్లో తేలింది. చాలా దేశాల్లో తాగి నడిపినట్టు లెక్కగట్టే గీత అదే. ఉదయం ఆరింటికి లేచి ఆఫీసు చేసుకుని రాత్రి పదకొండింటికి మీ కళ్లు ఎలా ఉంటాయో మీకే తెలుసు.

ఇంకో చిన్న విషయం. క్యాబిన్‌లోంచి దూకి దిగే అలవాటు మోకాళ్లను తినేస్తుంది. ముఖం బండివైపు పెట్టి, రెండు చేతులు, ఒక కాలు లేదా రెండు కాళ్లు, ఒక చెయ్యి ఎప్పుడూ ఆనించి ఉంచుతూ మెట్టు మెట్టుగా దిగాలి.

6. ఇంట్లో కూర్చుని మాట్లాడండి

"నేను సర్దుకుంటాలే" అన్న మాటతో ఈ చర్చ ముగించకండి. సర్దుకోవాల్సింది ఇంట్లోవాళ్లు. గత ఏడాది క్యాలెండర్ తీసి, మీరు ఇంట్లో ఉండటం వల్లే జరిగిన పనులన్నీ గుర్తుచేసుకుని రాయండి. పిల్లకు జ్వరమొస్తే అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్లింది ఎవరు? అమ్మ మందులు తెచ్చింది ఎవరు? ఒక్కో దాని పక్కన, మీరు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంటే ఎవరు చేస్తారో పేరు రాయండి. ఎక్కువ గడులు ఖాళీగా ఉంటే దూరప్రయాణం వదిలేసి ఊళ్లో తిరిగే పని చూడండి. అది కూడా లారీ పనే, దాన్లో చిన్నతనం ఏమీ లేదు.

ఆడవాళ్లు ఈ పనికి వస్తున్నప్పుడు ఇంకో ప్రశ్న తప్పనిసరి. రాత్రి ఆగే చోట వెలుతురు, తలుపు గడియపడే బాత్రూమ్, కాపలా ఉన్నాయా? ఆ దారిలో ఇప్పటికే నడుపుతున్న ఆడవాళ్లను అడిగితే తేలుతుంది, ఓనరు మాట సరిపోదు.

7. ఉద్యోగం చేస్తూనే లైసెన్సు తెచ్చుకోండి

నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి. భారతదేశంలో రవాణా వాహనానికి 20 ఏళ్లు నిండాలి, దానికి ముందు కనీసం ఏడాదిపాటు తేలికపాటి వాహన లైసెన్సు ఉండాలి. అమెరికాలో రాష్ట్రం దాటి సరుకు తోలడానికి 21 ఏళ్లు ఉండాలి. అక్కడ 2022 ఫిబ్రవరి 7 నుంచి, కొత్తగా లారీ లైసెన్సు తీసుకునేవాళ్లు ప్రభుత్వ జాబితాలో ఉన్న శిక్షణ సంస్థలోనే నేర్చుకోవాలి. యూరప్‌లో లైసెన్సుతో పాటు వృత్తి అర్హత పత్రం కావాలి, ప్రతి అయిదేళ్లకు 35 గంటల శిక్షణ మళ్లీ తీసుకోవాలి.

వారాంతపు బ్యాచ్ ఉందేమో కనుక్కోండి. స్కూలు ఎంచుకునేటప్పుడు ఒక్కో మనిషికి స్టీరింగ్ మీద ఎన్ని గంటలు ఇస్తారని అడగండి. ఒకే బండిలో ఆరుగురిని ఎక్కించి తలా పది నిమిషాలు ఇచ్చే చోట డబ్బు పోయకండి. ట్రైలర్ రివర్స్, గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ బ్రేకులు, ఘాట్ దిగడం, ఈ మూడూ నేర్పకపోతే అది ట్రైనింగే కాదు. వేగం రెట్టింపైతే బ్రేక్ పడ్డాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. దానికి తోడు ఎయిర్ బ్రేక్ నొక్కాక గాలి చక్రాల దాకా చేరడానికి సుమారు అర సెకను పడుతుంది. 90 కిలోమీటర్ల వేగంలో ఆ అర సెకనులోనే బండి 12 మీటర్లు దాటిపోతుంది. ఘాట్ దిగేముందే చిన్న గేరులో పడాలి. దిగుతూ దిగుతూ బ్రేక్ మీదే కాలు ఉంచితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఇవి పుస్తకంలో చదివితే రావు, పక్కన నేర్పేవాడు ఉండాలి.

డ్రైవర్ లేని లారీలు వస్తాయి కదా అని అడిగేవాళ్లున్నారు. 2025లో అమెరికాలో డాలస్, హ్యూస్టన్ మధ్య అరోరా అనే సంస్థ మనిషి నడపకుండానే సరుకు లారీ తిప్పడం మొదలుపెట్టింది. తిన్నగా ఉండే పెద్ద హైవేల మీదే ఆ మార్పు ముందు వస్తుందని నా అంచనా. ఇరుకు సందుల్లో రివర్స్ చేసి, సరుకు సరిచూసి దించే పనికి ఇంకా మనిషే కావాలి. మీ వయసు ముప్పై లోపుంటే పని ఎంచుకునేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి.

8. మొదటి రెండేళ్లు సొంత లారీ వద్దు

దీన్లో నాకు రెండో అభిప్రాయం లేదు. ఉద్యోగం వదిలినప్పుడు వచ్చిన డబ్బు చేతిలో ఉంటుంది, ఫైనాన్స్ ఇస్తామని ఎవరో ఒకరు వస్తారు. చక్రం తిరిగినా తిరగకపోయినా నెల వాయిదా కట్టాల్సిందే. డీజిల్, టైర్లు, బీమా, పన్ను, ఇంజను పని, తిరుగు ప్రయాణంలో ఖాళీగా వచ్చే కిలోమీటర్లు అన్నీ మీవే. లోడు ఎక్కడ దొరుకుతుంది, ఎవరు కిరాయి ఎగ్గొడతారు అన్నది తెలియాలంటే రెండేళ్లయినా ఇంకొకరి బండి మీద తిరగాలి. "మా దగ్గరే నడుపుతూ మా లారీనే వాయిదాల్లో కొనుక్కోండి" అనే పథకాలతో మరీ జాగ్రత్త. అమెరికాలో వీటిని పరిశీలించడానికి ప్రభుత్వం వేసిన బృందం 2025 జనవరిలో ఇలాంటి ఒప్పందాలను నిషేధించాలని సిఫారసు చేసింది. లోడు ఇచ్చేదీ వాళ్లే, వాయిదా కోసుకునేదీ వాళ్లే అయినప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు.

జీతానికి చేరే చోట ఈ మాటలు రాతపూర్వకంగా తీసుకోండి: ప్రమాదం జరిగితే వైద్య ఖర్చు ఎవరిది, సరుకు తగ్గితే లేదా పాడైతే మీ జీతంలో కోస్తారా, ఓవర్‌లోడ్ జరిమానా ఎవరు కడతారు, ఇంటికి ఎన్నాళ్లకోసారి పంపుతారు. రాసివ్వడానికి వెనకాడితే వేరే చోట చూసుకోండి.

9. రాజీనామా, ఆ తర్వాత 90 రోజులు

లెక్క కుదిరి, పక్క సీటు ట్రిప్ నచ్చి, ఒళ్లు సహకరించి, ఇంట్లో ఒప్పుకుంటే ఇక ఆలస్యం అక్కర్లేదు. జీతం లేని దీర్ఘ సెలవు దొరుకుతుందేమో మొదట అడగండి, దొరికితే రాజీనామా దాకా పోనక్కర్లేదు. లేదంటే నోటీసు కాలం పూర్తిచేసి, చేస్తున్న పని సరిగ్గా అప్పజెప్పి, అనుభవ పత్రం చేతికి తీసుకుని బయటికి రండి. ఇప్పటి ఉద్యోగం ఇస్తున్న ఆరోగ్య బీమా ఏ తేదీతో ఆగిపోతుందో చూసుకుని, అంతకు ముందే కొత్తది తీసుకోండి. బీమా మధ్యలో తెగిన రోజుల్లోనే ఏదో ఒకటి జరిగితే తట్టుకోవడం కష్టం.

బండి ఎక్కిన మొదటిరోజు నుంచి అదే రెండు గడుల నోటుబుక్ మళ్లీ మొదలుపెట్టండి. దానికి ఇంకో రెండు గడులు చేర్చండి: చేతికి వచ్చిన డబ్బు, ఇంట్లో పడుకున్న రాత్రులు. 90వ రోజున ఇల్లు చేరేలా ముందే ఓనరుతో మాట్లాడుకోండి. ఆ సాయంత్రం ఫోన్ పక్కన పడేసి, ఇంట్లోవాళ్లతో కలిసి నోటుబుక్ తెరిచి నాలుగు గడులూ కూడండి. మూడో అడుగులో వేసిన లెక్క పక్కన పెట్టి చూడండి. తర్వాత ముందు వాళ్లను మాట్లాడనివ్వండి.